చెప్పుల కాపలా

వాకిట్లో ఇత్తడి గంగాళం గిరగిరా తిరుగుతోంది. లోపల కీర్తిక మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని అన్నం గరిటెతో గాలిని తోస్తోంది. బయట నిలబడి అంచు పట్టుకుని తిప్పుతున్నవాడు తమ్ముడు మణికండన్. దానికి ఎనిమిదేళ్ళు, వాడికి ఐదు. తెడ్డు వేసేది అక్క, తిప్పేది తమ్ముడు అని పొద్దున్నే ఒప్పందం జరిగింది. ఇప్పుడు వాడికి ఆ ఒప్పందం నచ్చడం లేదు.

“నేను కూచుంటా. నువ్వు తిప్పు.”

“అరువి కాడికి వచ్చేసినామురా! ఇప్పుడు నేను దిగితే కొట్టుకోని పోతాను. తల వంచు, నీళ్ళు పడతా ఉండాయి!”

లేని జలపాతానికి వాడు నిజంగానే తల వంచాడు.

గడప మీద కూర్చుని కొబ్బరి తురుముతున్న సరసమ్మకు నవ్వు ఆగలేదు. మనవరాలి మాట కాదనే ధైర్యం ఆ ఇంట్లో వాడికొక్కడికే లేదు. ఆ గంగాళం ఆమె భర్త అంజనప్ప పాత్రల అంగడిలోది. పెళ్ళిళ్ళకు అద్దె సామాను వచ్చాక అంత పెద్దది కొనే నాథుడు లేక ఇంటికి చేరింది. కడగాలంటే బరువు, దాచాలంటే చోటు లేదని కోడలు విసుక్కుంటూ ఉండేది. పిల్లలు దాన్ని పరిసల్ చేసేశారు. హొగేనకల్ దగ్గర కావేరి మీద తిరిగే గుండ్రటి పుట్టిని ఇక్కడ పరిసల్ అంటారు. బడి తెరిచినప్పటి నుంచీ కీర్తిక నోట అదే మాట.

రేపు ఆడి పదునెట్టు, కావేరికి కొత్త నీళ్ళు వచ్చే పండగ. ఆ మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని అన్నం తినేవాళ్ళు ఈ వీధిలో ఉండరు. చింతపండు పులిసాదం, కొబ్బరితో చేసే తేంగా సాదం, పెరుగన్నం డబ్బాలకెత్తుకుని అందరూ నది ఒడ్డుకే. పోయిన ఏడు వరద ఎక్కువై బండ్లను దారిలోనే తిప్పి పంపేశారు. అంతకు ముందు పిల్లలు మరీ చిన్నవాళ్ళు. ఈ ఏడు మాత్రం తప్పదని, పరిసల్ ఎక్కి జలపాతం దాకా పోయి వస్తానని కీర్తిక తరగతిలో అందరికీ ముందే చెప్పేసింది. తిరిగి వచ్చాక ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకుంది.

“అవ్వా, రేపు నువ్వు నా పక్కన కూచో. నీళ్ళు పడితే నిన్ను నేను పట్టుకుంటాను,” అంది గంగాళంలో నుంచే.

సరసమ్మ నోరు తెరిచేలోపే కొడుకు దినకరన్ అందుకున్నాడు. టమాటా మండీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. “అవ్వా? అవ్వకు నీళ్ళంటే బయం కదా! నా చిన్నప్పటి నుంచి చూస్తా ఉండాను. మేము నీళ్ళలోకి, అమ్మ చెప్పుల కాపలాకి.”

“బయమంటే అట్లా ఇట్లా బయం కాదురా,” అన్నాడు అంజనప్ప కుర్చీలోంచి. “పెండ్లయిన కొత్తలో పరిసల్ ఎక్కమంటే వణికిపోయింది మీ అవ్వ.”

అందరూ నవ్వారు. సరసమ్మ కూడా నవ్వింది. ప్రతి ఆడి నెలలోనూ ఈ మాట వస్తుంది, అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. ఆమె కొబ్బరి చిప్పను అటు తిప్పి మళ్ళీ తురమసాగింది.

*

మండీ వ్యానులో టమాటా వాసన పోలేదు. జంపఖానా పరిచి, డబ్బాలు మధ్యలో పెట్టుకుని, చుట్టూ అందరూ కూర్చున్నారు. పెన్నాగరం దాటి ఘాటు దిగేటప్పుడు కోతులు కనిపించాయి. మణికండన్ మురుకు ముక్క చూపించి, కోతి దగ్గరకు వస్తే భయపడి అది తానే తినేశాడు. కోతికి కోపం వచ్చిందని కీర్తిక, రాలేదని వాడు వాదులాడుకుంటుండగానే నీళ్ళ హోరు వినబడింది. ఆ హోరు వినగానే సరసమ్మ ప్రతి ఏడూ మాట ఆపి అటు చెవి ఒగ్గుతుంది. కొత్త పెళ్ళికూతురుగా వచ్చినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఒడ్డున పసుపు ముద్ద పెట్టి, నల్లపూసలు, తాటాకు కమ్మలు, పళ్ళు పెట్టి కావేరమ్మకు దండం పెట్టుకున్నారు. సరసమ్మ, కోడలు శాంతిప్రియ ఒకరి మెడలో ఒకరు కొత్త పసుపు తాడు కట్టుకున్నారు. అక్కడితో పూజ అయిపోయింది. తరువాత ఎవరి పని వాళ్ళది. అంజనప్ప బండ మీద పడుకుని ఒంటికి నూనె మర్దనా చేయించుకున్నాడు. దినకరన్ పరిసల్ వరుసలో నిలబడ్డాడు. సరసమ్మ చెట్టు నీడ చూసి జంపఖానా పరిచింది. అందరి చెప్పులూ వచ్చాయి. గడియారాలు, ఫోన్లు, కళ్ళద్దాలు ఒక్కొక్కటిగా ఆమె ఒడిలో పడ్డాయి. ఆమె వాటిని తువ్వాలులో మూట కట్టింది.

దినకరన్ చెమటతో తిరిగి వచ్చాడు. “ఒక్క పరిసలే దొరికింది. ఇంకొకటి కావాలంటే మళ్ళీ వరుస మొదట్నించి. నలుగురే ఎక్కాలంట. పిల్లకాయలు కూడా లెక్కేనంట.”

సరసమ్మను ఎవరూ లెక్కలో పెట్టలేదు కాబట్టి ఐదుగురు.  నూనె కారుతున్న చేతులను తువ్వాలుతో తుడుచుకుంటూ అంజనప్ప తేల్చేశాడు. “పాప అవ్వతో ఉంటాది. పెద్దపిల్ల, చెప్తే అర్థం చేసుకుంటాది. చిన్నోడు ఏడుస్తాడు.”

“నేను ఉండిపోతాను మామా. పాపను తీసుకోని పోండి,” అంది శాంతిప్రియ.

అంతే, మణికండన్ తల్లి కొంగు రెండు చేతులా పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. అమ్మ లేకుంటే పోనంటాడు, పోకుండానూ ఉండనంటాడు. అవతల పరిసల్ మనిషి తొందరపెడుతున్నాడు. అతని చేతిలో పిల్లల లైఫ్ జాకెట్ ఒకటే ఉంది. అతను వంగి కీర్తికను చూసి తమిళంలో అడిగాడు, ఏం పాప్పా, నువ్వు రావా అని.

కీర్తిక తండ్రి ముఖం చూసింది. తాత ముఖం చూసింది. నేల మీద ఉన్న తమ్ముడిని చూసింది.

“నాకు బయం,” అంది.

అందరి ముఖాలూ తేలికపడ్డాయి. “చూసినావా, అచ్చం అవ్వ పోలిక!” అని అంజనప్ప దాని తల నిమిరాడు. దినకరన్ జాకెట్ తీసుకుని కొడుక్కి తొడిగాడు. శాంతిప్రియ మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది.

తువ్వాలు ముడి మళ్ళీ బిగిస్తున్న సరసమ్మ చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆ మాట ఎలా పుడుతుందో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఇదే రేవు. అప్పుడు ఆమెకు ఇరవై ఏళ్ళు కూడా లేవు. అత్తగారు ఇలాగే మూటలు చుట్టూ పెట్టుకుని కూర్చుంది. అంజనప్ప కొత్త పెళ్ళాన్ని పిలిచాడు, అత్తగారు తలెత్తి ఒక చూపు చూసింది. ఆవిడను ఒంటరిగా వదిలి కోడలు షికారు పోతే బాగుంటుందా? అలా అనలేక, పెద్దావిడ పరువు కాపాడటానికి సరసమ్మ ఆ మాట అంది. నాకు బయం. వచ్చే ఏడు ఎక్కవచ్చులే అనుకుంది. వచ్చే ఏడు ఎవరూ పిలవలేదు. పిలిచే అవసరం లేదని అందరికీ తెలిసిపోయింది. అత్తగారు పోయాక మూటలు ఈమె చుట్టూ చేరాయి.

సరసమ్మకు కోపం వచ్చింది. మొగుడి మీద కొంచెం, కొడుకు మీద కొంచెం, ఎక్కువంతా తన మీదే. లేచి, ఆగండి, పాప పోవాల అనే సమయం ఇందాక ఉండింది. ఇప్పుడు పరిసల్ ఒడ్డు వదిలేసింది.

నది మధ్యకు పోగానే పరిసల్ మనిషి తెడ్డుతో దాన్ని గుండ్రంగా తిప్పాడు. మణికండన్ కేకలు ఒడ్డు దాకా వినిపించాయి. అంజనప్ప రెండు చేతులతోనూ అంచు గట్టిగా పట్టుకున్నాడు. ప్రతి ఏడూ అలాగే పట్టుకుంటాడు. నూనె చేతులు జారతాయి కాబోలు అనుకునేది సరసమ్మ.

“నీకు నిజంగా బయమా?” అని అడిగింది మనవరాలిని.

“ఊఁ.”

కీర్తిక చెప్పులను జతలుగా పేరుస్తోంది. తాతవి, నాన్నవి, అమ్మవి, తమ్ముడివి. చివర తనవి, అవ్వవి పక్కపక్కన పెట్టింది. తల ఎత్తలేదు. ఎత్తితే ఏడుపు వస్తుందని సరసమ్మకు తెలుసు. అందుకే ఇంకేమీ అడగకుండా తేంగా సాదం డబ్బా తెరిచింది. దానికి ప్రాణమైన అన్నం. రెండు ముద్దలు తిని చాలంది.

*

మొదటి రోజు అబద్ధం, రెండో రోజు అలవాటు. తన విషయంలో ఎలా జరిగిందో సరసమ్మ ఇప్పుడు కళ్ళారా చూసింది.

సోమవారం సాయంత్రం పక్కింటి తిలగవతి గోడ మీద నుంచి పలకరించింది. “ఏమ్మా కీర్తికా, పరిసల్ ఎక్కినావా?”

“లేదత్తా. నాకు నీళ్ళంటే బయం.”

తడుముకోలేదు. రేవు దగ్గర ఆ మాట అనడానికి అది అందరి ముఖాలూ చూసింది. ఇప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు. తరగతిలో కూడా ఇదే చెప్పి ఉంటుంది. చెప్పకపోతే, ముందు కోసిన కోతలకు ఏం సమాధానం చెబుతుంది పాపం.

బుధవారం మణికండన్ గంగాళం వాకిట్లోకి దొర్లించుకొచ్చాడు. ఎందుకో వాడికే జాలి వేసినట్టుంది. “అక్కా, నువ్వు కూచో. నేను తిప్పుతా,” అన్నాడు.

“నువ్వే కూచో.”

కీర్తిక గంగాళం అంచు పట్టుకుని తిప్పింది. వాడు గరిటె ఊపుతూ అరువి వచ్చింది, తల వంచు అని అరుస్తున్నాడు. అది తల వంచలేదు. బావి చక్రం తిప్పుతున్నట్టు, చెప్పిన పనిలా చేసుకుపోతోంది. సరసమ్మ చేతిలో చాట ఉంది, చాటలో రాగులు ఉన్నాయి. ఎంతసేపు ఊరికే పట్టుకుని నిలబడిందో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం అందరూ తింటుండగా అంది. “శనివారం నేనూ పాపా పెరియంపట్టికి పోతాము.”

పెరియంపట్టి ఆమె పుట్టిల్లు. తమ్ముడు గోపాలసామి అక్కడే సేద్యం చేసుకుంటున్నాడు.

“ఏమి విశేషం?” అన్నాడు అంజనప్ప.

“ఈసారి వానలకు బావి నిండిందంట. ఈతకు.”

“ఎవురికి ఈత?”

“పాపకు. నేర్పేది నేను.”

దినకరన్ నవ్వబోయి తల్లి ముఖం చూసి మానుకున్నాడు. అంజనప్ప ముద్ద కంచంలో వదిలేశాడు. “నీకు నీళ్ళంటే బయం కదే!”

“బయమని చెప్పినాను. మీరు నమ్మినారు.”

 కీర్తిక తినడం ఆపి అవ్వను కన్నార్పకుండా చూసింది. మజ్జిగ వడ్డిస్తున్న శాంతిప్రియ అత్తగారి కంచంలో ఎక్కువగా పోసేసింది. మరుసటి రోజు పొద్దున సరసమ్మ సంచి తెరిచి చూస్తే కీర్తిక పాత చుడీదారు, రెండు తువ్వాళ్ళు మడిచి పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారో అడగాల్సిన పని లేకపోయింది.

శనివారం బయలుదేరే వేళకు అంజనప్ప కూడా చొక్కా వేసుకుని తయారయ్యాడు. “ఈ వయసులో బావిలోకి దిగుతానంటావు. చూసుకునేవాళ్ళు ఒకరు వద్దా?” అన్నాడు. మధ్యాహ్నం అన్నం ఎవరు వడ్డిస్తారన్నది అసలు సంగతేమోనని సరసమ్మ అనుకుంది గాని రావద్దనలేదు.

*

బావి అలాగే ఉంది. చుట్టూ వరి లేదు, ఇప్పుడు బంతిపూలు వేశారు. మోట తోలే బండ ఒక పక్కకు ఒరిగింది. లోపలికి దిగే రాతి మెట్లు, రాళ్ళ సందుల్లో పావురాలు, పైకి వచ్చే ఆ చల్లటి పాచి వాసన, ఏదీ మారలేదు. వాసన తగలగానే సరసమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఈత నేర్చుకున్న వేసవి సెలవులు, తడి జుట్టుతోనే తిన్న రాగి సంగటి, ఆకులు రాజేసి కాల్చుకున్న వేరుశనక్కాయలు, సాయంత్రం దాకా దిగని కళ్ళ ఎరుపు, అమ్మ తిట్లు, అన్నీ ఆ ఒక్క వాసనలో ఉన్నాయి.

“అక్కకు బయమా?” గోపాలసామి బావగారి మాట విని పగలబడి నవ్వాడు. “బావా, నన్ను ఈ బావిలోకి తోసి ఈత నేర్పించిందే అక్క! ఆ మోట బండ మీద నుంచి దూకేది. మగపిల్లకాయలు మెట్ల మీద కూచోని చూస్తా ఉండినాము.”

అంజనప్ప ఆ బండను చూశాడు, నీళ్ళను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు.

గోపాలసామి భార్య పొన్ని అటక మీద నుంచి ఎండిన సొరబుర్ర తెచ్చింది. ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. సరసమ్మ పాత చీర పేలికతో దాన్ని కీర్తిక వీపుకు కట్టింది, ముడి రెండుసార్లు లాగి చూసింది. నడుముకు పొడుగాటి తాడు కట్టి కొస తమ్ముడి చేతికిచ్చింది. తన చీర కచ్చ పోసి బిగించుకుంది. తరువాత కళ్ళద్దాలు తీసింది, ఫోను తీసింది, చెప్పులు విడిచింది. అన్నీ తువ్వాలులో చుట్టి అంజనప్ప చేతుల్లో పెట్టింది.

“ఇవి చూసుకోండి,” అంది.

ఆయన మూట పట్టుకుని గట్టు మీద నిలబడిపోయాడు.

ముందు గోపాలసామి, వెనక సరసమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని కీర్తిక దిగారు. నీళ్ళకు పైనున్న చివరి మెట్టు మీద సరసమ్మ ఆగింది. అక్కడ ఆమె అనుకోనిది జరిగింది. కాలు నీళ్ళలో పెట్టబోయి వెనక్కి తీసుకుంది. నీళ్ళు నల్లగా, అడుగు తెలియకుండా ఉన్నాయి. ఇన్నేళ్ళు నోటితో అన్న మాట ఎప్పుడో ఒంట్లోకి దిగి కూర్చుందా? వెనక్కి తిరిగి మెట్లెక్కేస్తే ఎవరూ తప్పు పట్టరు. అవ్వకు బయం అంటారు, నవ్వుతారు, తానూ నవ్వుతుంది. మరి ఈ పిల్ల?

అవ్వ కాలు వెనక్కి రావడం కీర్తిక చూసింది. “అవ్వా, నీకు బయమా?”

“అవునే. ఇప్పుడు నిజంగా బయంగా ఉండాది.”

“అయితే పైకి పోదామా?”

“నీకెట్లా ఉండాది? నిజం చెప్పు. ఇక్కడ ఏడ్చేవాళ్ళు ఎవరూ లేరు.”

కీర్తిక నీళ్ళ వైపు చూసింది. పెదవి కొరుక్కుంది. “నాకు బయం లేదవ్వా. ఆ రోజు కూడా లేదు,” అంది. అనగానే ఏడుపు వచ్చేసింది. ఆ ఏడుపు నది ఒడ్డున రావాల్సింది, ఇప్పుడు వచ్చింది. సరసమ్మ దాన్ని పొట్టకు హత్తుకుని ఏడవనిచ్చింది. తరువాత దాని చెయ్యి గోపాలసామి చేతికిచ్చి, ముక్కు మూసుకుని, నీళ్ళలోకి దూకింది.

చలికి ఊపిరి ఆగింది. ఒక్క క్షణం చేతులకు ఏమీ గుర్తు లేదు. మరుక్షణం కాళ్ళు వాటంతట అవే కొట్టుకున్నాయి, తల పైకి వచ్చింది, బావి గోడలు గుండ్రంగా చుట్టూ తిరిగాయి. పావురాలు టపటపా లేచాయి. సరసమ్మకు గట్టిగా నవ్వు వచ్చింది. ఆ నవ్వు బావిలో తిరిగి తిరిగి ఆమెకే వినిపించింది. ఎన్ని ఆడి నెలలు ఒడ్డున కూర్చుని పోగొట్టుకుంది!

“దా!” అని చేతులు చాచింది.

కీర్తిక దూకలేదు, జారింది. మునగగానే సొరబుర్ర దాన్ని పైకి లాగింది. నీళ్ళు మింగి, దగ్గి, అవ్వ మెడ పట్టుకుని, “ఇంకొకసారి,” అంది. ఇంకొకసారి అయింది. సరసమ్మ దాని పొట్ట కింద అరచెయ్యి పెట్టి కాళ్ళు కొట్టడం నేర్పింది. “మోకాలు వంచద్దు. మడమతో కొట్టు. ఆఁ, అట్లా.” కొంతసేపటికి అరచెయ్యి మెల్లగా తీసేసింది. కీర్తికకు తెలియలేదు. మెట్టు నుంచి ఎదురు గోడ దాకా, నీళ్ళంతా చిందిస్తూ, మెడ ఎత్తి పెట్టుకుని పోయి రాయి పట్టుకుంది. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ దూరంగా ఉంది.

“తాతా! చూసినావా తాతా! నేనే వచ్చినా!”

“చూస్తా ఉండా, చూస్తా ఉండా,” అంది పైనుంచి అంజనప్ప గొంతు. ఎందుకో ఆ గొంతు సన్నగా ఉంది.

“మీరూ దిగండి బావా. నీళ్ళు మెత్తగా ఉండాయి,” అన్నాడు గోపాలసామి.

“నాకేలప్పా. చెప్పులు ఎవురైనా చూసుకోవాల కదా.”

ఆ చుట్టుపక్కల బంతి చేలో పొన్ని తప్ప పురుగు లేదు. చెప్పులు ఎవరెత్తుకుపోతారు? సరసమ్మ వెల్లకిలా తేలుతూ పైకి చూసింది. మూట పక్కన పెట్టేసి అంజనప్ప గట్టు రాయిని రెండు చేతులతోనూ పట్టుకుని ఉన్నాడు. వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. ఈ రోజు ఆ చేతులకు నూనె లేదు.

పరిసల్ అంచు మీద ఆ చేతులు ఆమెకు గుర్తొచ్చాయి. ప్రతి ఏడూ నది మధ్యలో, అదే పట్టు. ప్రతి ఏడూ ఇంటికొచ్చాక పెళ్ళాం భయం గురించి నవ్వే ఆ నవ్వు. ఎన్ని సంవత్సరాలు! ఒకరు భయం లేకుండా ఉందని చెప్పారు, ఒకరు భయం ఉండీ లేదని చెప్పారు. ఆమెకు మొదట నవ్వు వచ్చింది, తరువాత కోపం, ఆ వెనకే ఆ మనిషి మీద పట్టలేనంత జాలి. మగవాడు కాబట్టి ఆయన్ని ఒడ్డున కూర్చోమని ఎవరూ అనలేదు, పాపం.

ఇద్దరి చూపులూ కలిశాయి. ఆమెకు తెలిసిపోయిందని ఆయనకూ తెలిసింది. గోపాలసామికి వినబడకుండా అనాలని వంగాడు గాని, బావి ఆ మాటను అందరికీ వినిపించింది.

“నాకు ఈత రాదే సరసా.”

కీర్తిక రాయి వదిలేసి నోరు తెరుచుకుని తాతను చూసింది. దాని వీపు మీద బుర్ర గలగలమంది. సరసమ్మ ఒక బార వేసి మెట్టు దగ్గరకు వచ్చింది, ముఖం మీది నీళ్ళు తుడుచుకుంది. నవ్వలేదు.

“పొన్నీ!” అని పైకి కేకేసింది. “అటక మీద ఇంకొక బుర్ర ఉండాదా? పెద్దది చూసి తీసుకురామ్మా.”